దత్తత కోసం వచ్చి అనంతపురంలో ఏడు వారాలు: ఒక మందిరం, దాని అతిథి గృహం

గత అక్టోబరు రెండో వారం నుంచి నవంబరు చివరి దాకా నేనూ నా భార్యా అనంతపురంలోని ఒక సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) మందిరం ఆవరణలో ఉన్న అతిథి గృహంలో బస చేశాము. మేము లండన్ దగ్గర నివసిస్తున్నాము. ఇద్దరికీ బ్రిటిష్ పాస్‌పోర్టు, భారత సంతతి విదేశీ పౌరులకు ఇచ్చే ఓసీఐ కార్డు ఉన్నాయి. ఒక పాపను దత్తత తీసుకోవడానికి వచ్చాము. అదే పని మీద రాయలసీమకు వచ్చే దంపతులకు, ముఖ్యంగా ఆదివారం మందిరానికి వెళ్లనిదే వారం మొదలైనట్టు తోచని వారికి, ఇలాంటి బస ఎలా ఉంటుందో, అక్కడి ఆరాధనా సహవాసమూ ఎలా ఉంటాయో ఉన్నదున్నట్టు చెప్పాలని ఇది రాస్తున్నాను. మందిరం పేరు మాత్రం రాయను. బిడ్డను గుర్తుపట్టడానికి వీలిచ్చే వివరాలు బయటపెట్టకూడదని బాలల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతోంది. పైగా నేను కొన్ని లోపాలు కూడా చెప్పబోతున్నాను, అవి ఆ ఒక్క మందిరానికే చెందినవని నేను అనుకోవడం లేదు. ఇలాంటి గదులు కావలసినవారు తమ సంఘం ద్వారా కడపలోని రాయలసీమ డయోసిస్ (సీఎస్ఐ ప్రాంతీయ విభాగం) కార్యాలయాన్ని అడగవచ్చు. మేమూ అలాగే కనుక్కున్నాము.

దత్తత ప్రయాణంలో పని తక్కువ, ఎదురుచూపు ఎక్కువ. మేము బయలుదేరేసరికి కేంద్ర దత్తత వనరుల సంస్థ, అంటే అందరూ కారా అని పిలిచే సంస్థ, నిరభ్యంతర పత్రం ఇచ్చింది. జిల్లా కలెక్టరు ముందు దరఖాస్తు కూడా దాఖలైంది. 2022 సెప్టెంబరు నుంచి దత్తత ఉత్తర్వులు ఇచ్చే అధికారం కోర్టుల నుంచి జిల్లా మెజిస్ట్రేటుకు, అంటే కలెక్టరుకు, మారింది. విచారణ బయటివారెవరూ లేకుండా జరగాలని, రెండు నెలల్లో తేలిపోవాలని చట్టం చెబుతుంది. ఉత్తర్వు వచ్చేలోపు బిడ్డను తాత్కాలిక సంరక్షణలోకి తీసుకునే వీలుంది కాబట్టి, మొదటి పన్నెండు రోజులు మేము దత్తతకిచ్చే పిల్లలను ఉంచే శిశుగృహకు వెళ్లి పాపతో కాసేపు గడిపి వచ్చేవాళ్లము, ఆ తర్వాత పాప మా గదికే వచ్చింది. వచ్చిన కొత్తలో నాలుగు రాత్రులు సప్తగిరి సర్కిల్ దగ్గర ఒక హోటల్లో ఉన్నాము. గది శుభ్రంగానే ఉంది, ఏసీ బాగానే పనిచేసింది, కానీ శిశుగృహ నుంచి తిరిగివచ్చిన ప్రతి సాయంత్రమూ మేమిద్దరం మంచం మీద కూర్చుని టీవీ వంక చూస్తూ ఉండిపోయేవాళ్లము. మీరు ఫెర్రర్ గారి సంస్థ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) చూడడానికి వచ్చారా అని హోటలు కుర్రవాడు రెండుసార్లు అడిగాడు. 1969 నుంచి ఆ సంస్థ ఉన్న ఊరు కాబట్టి, పరదేశం నుంచి వచ్చినవాళ్లంటే అక్కడ అందరికీ మొదట తోచేది అదే. అయిదో రోజు మందిరం ఆవరణలోకి మారాము.

గది సంగతి ముందు చెప్పేస్తాను. రాతి మందిరం వెనుక, పాత మిషన్ బంగళా పక్కన నాలుగు గదుల వరుస ఒకటి ఉంది. మాకిచ్చిన గదిలో రెండు మంచాలు, దోమతెరలు, ఒక బీరువా, ఇన్వర్టరుతో నడిచే ఒక ఫ్యాను, గీజరు ఉన్నాయి. అద్దె రోజుకు 700 రూపాయలు, రసీదు ఇస్తారు. బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి. తాగడానికి క్యాన్లు తెప్పించుకోవాలి. వరండా మెట్లు అయిదు, పట్టుకోవడానికి కమ్మీ లేదు. రెండేళ్లు దాటిన బిడ్డ కాళ్లు నిలువవు కదా అని మేము మొత్తుకుంటే మూడో రోజున కాపలాదారు ఒక వెదురు తడిక తెచ్చి అడ్డం కట్టాడు. తెల్లవారుజామున అయిదింటికే చుట్టుపక్కల అన్ని మతాల మైకులూ లేస్తాయి, ఆరింటికి మందిరం గంట మోగుతుంది. మైకులకు పాప మొదటి వారమంతా ఉలిక్కిపడి లేచింది. గంట మాత్రం ఎందుకో నచ్చింది; అది మోగగానే వేలెత్తి కిటికీ వైపు చూపించేది. విదేశీ పాస్‌పోర్టు మీద వచ్చినవారి వివరాలను బస ఇచ్చినవారు 24 గంటల్లో అధికారులకు ఆన్‌లైన్‌లో తెలియజేయాలి. ఇది తెలియని చిన్న బసలు చాలా ఉంటాయి. ఇక్కడి కార్యదర్శి మేము సంచులు దించకముందే పాస్‌పోర్టులు అడిగి తీసుకుని ఆ పని పూర్తిచేశారు. దత్తత ఫైలు నడుస్తున్నవారికి ఇలాంటి కాగితం ఒకటి తప్పిపోవడం ఎంత చేటో వేరే చెప్పనక్కర లేదు.

ఇక ఆరాధన. మాకు ఆ మందిరంతో ఒక దూరపు చుట్టరికం ఉంది. 1795లో లండన్‌లో పుట్టిన లండన్ మిషనరీ సొసైటీ 1822లో కడపలో పని మొదలుపెట్టింది. గుత్తి, జమ్మలమడుగు వైపు విస్తరించింది కూడా ఆ సొసైటీయే. ఈ సంఘాలు 1908లో దక్షిణ భారత ఐక్య సంఘంలోకి, అక్కడి నుంచి 1947 సెప్టెంబరు 27న సీఎస్ఐలోకి చేరాయి. ఆ సొసైటీని ప్రధానంగా పోషించిన ఇంగ్లండు కాంగ్రిగేషనల్ సంఘాలు 1972లో ప్రెస్బిటేరియన్లతో కలిసి యునైటెడ్ రిఫార్మ్‌డ్ చర్చ్ అయ్యాయి. మేము లండన్ దగ్గర వెళ్లే మందిరం ఆ శాఖదే. అక్కడ ఆదివారం ముప్ఫై మంది వస్తే పండుగ. సగటు వయసు డెబ్బై ఉంటుంది, ఆరాధన సరిగ్గా గంటకు ముగుస్తుంది, ఆ తర్వాత టీ, రెండు బిస్కెట్లు, ఇంటికి దారి. విత్తనం పంపిన చోట ఇప్పుడు ముప్ఫై మంది, అది పడిన చోట బెంచీలు చాలక మందిరం గుమ్మం బయట షామియానా వేశారు.

బోర్డు మీద తొమ్మిదిన్నర అని ఉంటుంది. పదింటికి గానీ మొదటి కీర్తన ఎత్తుకోరు. ముందున్న చాపల మీద పిల్లలు, ఒక వైపు బెంచీల మీద స్త్రీలు, మరో వైపు పురుషులు కూర్చుంటారు. నా భార్య ఇంగ్లండులో పుట్టి పెరిగిన మనిషి. తల్లిదండ్రులు గుంటూరు లూథరన్లు. భార్యాభర్తలు విడివిడిగా కూర్చోవడం ఆమెకు మొదటి ఆదివారం కొత్తగా తోచింది, కానీ పాప మా దగ్గరికి వచ్చాక ఆమెకు అదే మేలయింది, ఎందుకంటే స్త్రీల వైపు పాపను ఎత్తుకోవడానికి పది చేతులు సిద్ధంగా ఉండేవి. సంగీతంలో రెండు కాలాలు పక్కపక్కన నడుస్తాయి. ఆరాధన మొదటి సగంలో హార్మోనియం, తబలాతో పాత కీర్తనలు పాడతారు. అవి కర్ణాటక రాగాల్లో కట్టినవి. చరణం చరణానికీ పల్లవి తిరిగి వస్తుంటే పుస్తకం చూడకుండానే ముసలివాళ్లు గొంతు కలుపుతారు. నేను తాడిపత్రి దగ్గర ఒక పల్లెలో చిన్నప్పుడు పాడినవి, ఇరవై ఏళ్లుగా నోటికి రానివి, మూడో చరణం దాకా వాటంతటవే వచ్చాయి. రెండో సగంలో యువకులు కీబోర్డుతో, డ్రమ్ముల ప్యాడుతో కొత్త పాటలు ఎత్తుకుంటారు. అక్కడ నా ఫిర్యాదు ఒకటే, శబ్దం. ఆ రాతి గోడల మధ్య అంత పెద్ద స్పీకర్లు అక్కరలేదు. పసిపిల్లలతో వెళ్లేవారు స్పీకర్లకు దూరంగా, పక్క తలుపు దగ్గర కూర్చోవడం మంచిది.

ప్రసంగం యాభై నిమిషాలకు తగ్గదు. అయ్యగారు, అంటే సంఘ కాపరి, చదువుకున్న మనిషి, నింపాదిగా మాట్లాడతారు, కానీ దత్తత మాట రాగానే నదిలో దొరికిన మోషేనూ అతణ్ని పెంచుకున్న ఫరో కుమార్తెనూ తీసుకురావడం ఆయనకు అలవాటు. మేమున్న ఏడు ఆదివారాలలో మోషే నాలుగుసార్లు నీళ్లలోంచి బయటికి తీయబడ్డాడు. ఒక ఆదివారం మాత్రం పౌలు రోమీయులకు రాసిన పత్రికలోని ‘దత్తపుత్రాత్మ’ అన్న మాట తీసుకున్నారు. తెలుగు బైబిలులో ఆ మాట నేను ఎన్నోసార్లు దాటిపోయాను, ఎన్నడూ ఆగలేదు. రోమా చట్టంలో దత్తత తీసుకున్న కొడుకు కన్న కొడుకుతో సమానమైన వారసుడని, పౌలు ఆ చట్టం తెలిసినవారికే రాశాడని, కాబట్టి అక్కడ జాలి మాట లేదని, హక్కు మాట ఉందని ఆయన వివరించారు. ఆ యాభై నిమిషాలూ నేను గడియారం చూడలేదు.

ఆ ప్రసంగం విన్నాక మందిరం మెట్ల దగ్గర ఒక రిటైర్డు మాస్టారు నన్ను ఆపారు. సంఘ పెద్దల్లో ఒకరు, ఎనభై దాటినవారు. “హక్కు అని ఈయన ఇప్పుడు సులువుగా చెప్తాండాడు నాయనా, మా కాలంలో మనవాళ్లకు ఆ హక్కు యాడుండె?” అన్నారు. ఆయనా ఆయన భార్యా 1980లలో ఒక ఆడబిడ్డను తెచ్చుకుని పెంచారు. 1956 దత్తత చట్టం హిందువులకే, అంటే బౌద్ధ, జైన, సిక్కులతో కలిపి హిందువులుగా లెక్కించినవారికే. క్రైస్తవులకు, ముస్లిములకు, పారశీకులకు మిగిలింది 1890 నాటి సంరక్షకుల చట్టం ఒక్కటే. దాని కింద మీరు సంరక్షకులవుతారు, తల్లిదండ్రులు కారు. బిడ్డ మేజరు కాగానే ఆ బంధం కాగితం మీద ముగిసిపోతుంది, ఆస్తిలో వాటా దానంతట అది రాదు. అందుకని మాస్టారు విల్లు రాశారు. అన్నదమ్ముల పిల్లలు దాన్ని ప్రశ్నిస్తారేమోనన్న భయంతో మూడుసార్లు తిరగరాశారు. 2000లో వచ్చిన బాలల న్యాయ చట్టం, 2006లో దానికి జరిగిన సవరణ మతంతో పని లేకుండా ఎవరైనా దత్తత తీసుకునే దారి తెరిచాయి. ఆ దారి ఏ మతం వారికైనా అందుబాటులో ఉన్నదేనని 2014లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015 చట్టం. ఇవన్నీ నాకు కాగితం మీద తెలిసినవే. మాస్టారి కూతురు, ఇద్దరు పిల్లల తల్లి, మందిరం గుమ్మం దగ్గర ఆయన చెప్పులు తెచ్చి కాళ్ల ముందు పెడుతుండగా విన్నప్పుడు మాత్రం మేము ఎంత ఆలస్యంగా, ఎంత సుఖంగా వచ్చామో అర్థమయింది. ఆ తర్వాత ప్రతి బుధవారం ఇంటి కూడికకు ఆయన ఇంటికే వెళ్లాము. ఆమె నా భార్యకు చెప్పిన సంగతులు, పెంచుకున్న బిడ్డగా తనకు ఏ ప్రశ్న ఎప్పుడు కలిగింది, ఎవరు ఎలా చెబితే బాగుండేది అన్నవి, లండన్‌లో మేము హాజరైన శిక్షణ తరగతుల్లో దొరకనివి. అవి ఇక్కడ రాయను, ఆమె సొంతం.

సహవాసం అన్న మాటను మన సంఘాల్లో చాలా ఉదారంగా వాడతాము. ఆ ఏడు వారాల్లో అది నాకు నిజంగా కనిపించిన చోటు వంటిల్లు. అతిథి గృహానికి వంట చేసే అక్క ఉన్నారు. పూటకు మనిషికి 80 రూపాయలు. పాప మా గదికి రావడానికి రెండు రోజుల ముందు ఆమె నన్ను పిలిచి, “బిడ్డ ఆడ ఏం తింటాండాదో, ఎట్ల కలిపి పెడతాండారో ఆయమ్మను అడిగి తెలుసుకోని రా సారూ, ఈడ గూడా అదే చేస్తా” అన్నారు. మేము లండన్ నుంచి డబ్బాలు, సీసాలు, పొడులు మోసుకొచ్చాము. బిడ్డ నాలుక ఏ రుచికి అలవాటుపడిందో అడగాలన్న ఆలోచన మాకు తట్టలేదు. శిశుగృహలో పలచటి పప్పన్నంలో కాస్త నెయ్యి వేసి, బాగా మెదిపి, స్టీలు గిన్నెలో పెడతారట. అక్క సరిగ్గా అలాగే పెట్టారు, గిన్నె కూడా అలాంటిదే వెతికి తెచ్చారు. ఇల్లు మారింది, మనుషులు మారారు, మాట యాస కూడా మారింది. అన్నం ముద్ద మాత్రం మారలేదు. మొదటి పూట పాప ఏడుస్తూనే తినింది. రెండో వారానికి బజ్జీ లేని ఉగ్గాని, మూడో వారానికి రాగి సంగటి చిన్న ముద్ద, చెనిక్కాయల పచ్చడి అంటీ అంటనట్టు. పెద్దవాళ్లకు పెట్టే భోజనం గురించి ఒక హెచ్చరిక: కారం తగ్గించమని చెబితే తగ్గించినట్టే అనుకుంటారు, కానీ అనంతపురంలో తగ్గించిన కారం గుంటూరు పుట్టింటి అమ్మాయికి కూడా కళ్లనీళ్లు పెట్టించింది.

ఇప్పుడు లోపాలు. రెండో ఆదివారం, ప్రకటనల సమయంలో, ఒక పెద్దాయన మైకు తీసుకుని, ఫారిన్ నుంచి వచ్చి ఒక అనాథను ఆదుకుంటున్న దంపతులు మన మధ్య ఉన్నారని, లేచి నిలబడమని అన్నారు. సంఘమంతా చప్పట్లు కొట్టింది. మేము లేవలేక, కూర్చోలేక నిలబడ్డాము. ఆ ఆరాధన యూట్యూబులో ప్రత్యక్షంగా వెళుతోందని తర్వాత తెలిసింది. అప్పటికి పాప మా దగ్గరికి రాలేదు కాబట్టి సరిపోయింది. కానీ నాలుగో ఆదివారం, పాప చాపల మీద పిల్లలతో కూర్చుని ఉండగా కెమెరా అటు తిరిగింది. ఉత్తర్వు ఇంకా రాని బిడ్డ ముఖం, పక్కన మా ముఖాలు, కింద మందిరం పేరు. సాయంత్రం అయ్యగారి దగ్గరికి వెళ్లి చట్టం ఏం చెబుతోందో వివరించాను. ఆయన వాదించలేదు, ఆ రాత్రే వీడియో తీసేశారు, మరుసటి వారం నుంచి కెమెరాను బలిపీఠం మీదికే బిగించారు. అయినా మొదటి రోజే నోరు తెరిచి అడగవలసింది మేమే. మీరు వెళితే గదికి తాళంచెవి తీసుకునేటప్పుడే ఈ మాట చెప్పండి: మా గురించి ప్రకటించవద్దు, బిడ్డను చిత్రీకరించవద్దు.

అంతకంటే నొప్పించింది మరొకటి ఉంది. “ఏ వాళ్ల బిడ్డంట?” అని స్త్రీల సమాజంలో ఇద్దరు నా భార్యను వేర్వేరుగా అడిగారు. ఆమెకు మొదట ప్రశ్నే అర్థం కాలేదు. ఏ ఊరి వాళ్లని అడుగుతున్నారనుకుని, తెలియదని చెప్పింది. గదికి వచ్చాక నేను విడమరిచి చెబితే చాలాసేపు మాట్లాడలేదు. ఒకే పాత్రలోంచి ప్రభు సంస్కారం తీసుకునే మనుషుల మధ్య ఆ ప్రశ్న ఇంకా బతికి ఉందన్నది నాకు కొత్త కాదు, కానీ పాప పక్కన ఉండగా వినడం కొత్త. ఈ సంగతి నేను ఎవరితోనూ గొడవ పెట్టుకోలేదు. మాస్టారి కూతురికి చెబితే, ఆమె మరుసటి శనివారం కూడికలో వాళ్లిద్దరికీ ఏం చెప్పిందో గానీ, ఆ తర్వాత ఎవరూ అడగలేదు.

బాప్తిస్మం విషయంలో కూడా కొంత ఒత్తిడి వచ్చింది. ఇక్కడే చేయించుకుని వెళ్లండి, మీ ఊరి మందిరంలో కంటే ఇక్కడ ఘనంగా జరుగుతుంది అని పెద్దలు ప్రేమతోనే అన్నారు. తాత్కాలిక సంరక్షణలో ఉన్న బిడ్డ చట్టం దృష్టిలో ఇంకా మా బిడ్డ కాదు. ఆమె పేరూ మతమూ మేము తేల్చే వేళ అది కాదు, అందుకని మేము ఒప్పుకోలేదు. అయ్యగారు మమ్మల్ని సమర్థించారు. నవంబరు మొదటి ఆదివారం ప్రభు సంస్కారానికి బలిపీఠం ముందున్న కమ్మీ దగ్గర మోకరించినప్పుడు, చిన్నపిల్లలకు చేసినట్టే పాప తల మీద చెయ్యి ఉంచి ఆశీర్వదించారు. పాప ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుని వదలలేదు. వెనుక వరుస ఆగిపోయింది. ఆయనా తొందరపడలేదు.

ఓసీఐ కార్డుతో వచ్చేవారికి రెండు సంగతులు చెప్పాలి, ఎందుకంటే రెండూ మందిరంలోనే ఎదురవుతాయి. మొదటిది ప్రసంగం. పై ఊరి నుంచి వచ్చినవారిని నాలుగు మాటలు చెప్పమనడం మన సంఘాల మర్యాద. ఆరాధనకు హాజరు కావడానికి ఏ అడ్డూ లేదు. కానీ ఓసీఐ కార్డుదారులు మత ప్రచార కార్యకలాపాలు చేయాలంటే ప్రత్యేక అనుమతి కావాలని కేంద్ర హోం శాఖ 2021 మార్చి నాటి ప్రకటనలో ఉంది. నాలుగు మాటలు దాని కిందికి వస్తాయా రావా అని తేల్చుకునే స్థితిలో, ఫైలు కలెక్టరు బల్ల మీద ఉన్నవాళ్లం, మేము లేము. వందనాలు చెప్పి కూర్చున్నాము. రెండోది కానుక. మందిరం పైకప్పు మరమ్మతుకు కొంత సొమ్ము ఇద్దామని కోశాధికారి దగ్గరికి వెళితే ఆయన చేతులు జోడించి వద్దన్నారు. పుట్టింది తాడిపత్రి దగ్గరే అయినా పాస్‌పోర్టు బ్రిటిష్ కాబట్టి, నేనిచ్చేది విదేశీ విరాళం అవుతుందట. 2010 నాటి విదేశీ విరాళాల చట్టం ప్రకారం నమోదైన సంస్థలే దాన్ని తీసుకోవాలి, 2020 సవరణ తర్వాత అదీ ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ఖాతాలోకే రావాలి. “గది అద్దె ఇస్తిరి, రసీదు ఇస్తిమి, అది సేవకు రుసుము. ఇది మాత్రం నా చేత పట్టియ్యద్దు సార్” అన్నారు. ఇంత కచ్చితమైన కోశాధికారి ఏ సంఘానికైనా పెట్టనికోట. విదేశీ పాస్‌పోర్టు కనబడగానే చందా పుస్తకం తెరిచే చోట్ల గురించి విని ఉన్నాను కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా రాస్తున్నాను.

నవంబరు రెండో ఆదివారం కోత పండుగ. ఆ రోజు అక్కడ ఉండే వీలు కుదిరితే వదులుకోవద్దు. చెనిక్కాయ కోతలు ముగిసే రోజులవి. పల్లెల నుంచి సంఘస్థులు చెట్లతో సహా పీకిన చెనిక్కాయ కట్టలు, కొర్రలు, సజ్జ కంకులు, గుమ్మడికాయలు, రెండు కోళ్లు, ఒక గొర్రెపిల్ల తెచ్చి బలిపీఠం ముందు పెట్టారు. ఆ ఏడు వాన సరిగా లేదని, కాయ గిట్టలేదని అందరూ చెప్పుకుంటూనే ఉన్నారు. తెచ్చినవాళ్లు మాత్రం ఎవరూ తగ్గలేదు. ఆరాధన ముగిశాక ఆవరణలో వేలం. ఒక గుమ్మడికాయను 150కి పాడినాయన దాన్ని తిరిగి మందిరానికే ఇచ్చేశారు, మళ్లీ వేలం వేశారు, అలా ఒకే కాయ నాలుగుసార్లు అమ్ముడుపోయింది. అయిదోసారి నా భార్య తన గుంటూరు తెలుగులో 400 పాడింది. నేను కోశాధికారి వైపు చూశాను. ఆయన కాసేపు ఆలోచించి, “కాయ ఇంటికి తీసకపోతే కొనుగోలు, ఈడ్నే ఇడిచిపెడితే విరాళం. తీసకపోండి” అన్నారు. అందుకని తీసుకుపోయాము. వంటక్క దాన్ని వారం రోజులు రకరకాలుగా వండారు. పాపకు తెలిసిన మొదటి కూరగాయ పేరు అదే అయింది.

ఉత్తర్వు వచ్చిన రోజు మందిరంలో ప్రత్యేకంగా ఏమీ జరగలేదు, మేమే వద్దన్నాము. సాయంత్రం వరండాలో అయ్యగారు, అమ్మగారు, మాస్టారి కుటుంబం, వంటక్క చాప పరచుకుని కూర్చున్నారు. ఓళిగలు తిన్నాము, ఒక కీర్తన పాడాము, అమ్మగారు ప్రార్థన చేశారు. అరగంట. మైకు లేదు, కెమెరా లేదు. ఏడు వారాల్లో నాకు బాగా గుర్తుండిపోయిన ఆరాధన అదే.

ఖర్చుల సంగతి: ఇద్దరికి గది, భోజనం కలిపి నెలకు ఆ హోటల్లో పది రోజులు ఉంటే అయ్యే దానికంటే తక్కువే అయింది. డిసెంబరులో గదులు దొరకవు. క్రిస్మస్‌కు ఊళ్లకు తిరిగివచ్చే సంఘస్థుల బంధువులకే అవి చాలవు. ఏప్రిల్, మే నెలల్లో చిన్నబిడ్డతో ఆ గదుల్లో ఉండమని నేను ఎవరికీ చెప్పను, ఏసీ లేదు. కనీసం నెల ముందు ఉత్తరం రాయాలి, మీ సంఘ కాపరి లేఖ జతపరచాలి. దంపతులు వేరే మతం వారైనా ఇస్తారా అని అడిగాను. ఇస్తామన్నారు, ఆరాధనకు రమ్మని బలవంతం లేదన్నారు. మేమున్నప్పుడు చివరి గదిలో కర్ణాటక నుంచి కంటి ఆపరేషను కోసం వచ్చిన ఒక లింగాయతు కుటుంబం ఉంది కాబట్టి అది మాటవరసకు అన్నది కాదని నమ్ముతున్నాను.

ఖాళీ చేసే రోజు కార్యదర్శి రిజిస్టరు తెరిచారు. అక్టోబరులో మేము దిగినప్పుడు ‘ఇద్దరు’ అని రాసి ఉంది. ఆయన కళ్లద్దాలు సర్దుకుని, ఆ అంకెను కొట్టేసి, పైన ‘ముగ్గురు’ అని రాసి, దిద్దుబాటు పక్కన తన పొడి సంతకం పెట్టారు. మూడో మనిషికి అద్దె ఎంత కలపమంటారని నేను అడిగాను. అయిదేళ్ల లోపు పిల్లలకు అద్దె లేదని గోడ మీది నోటీసు చూపించి, తాళంచెవి తీసుకున్నారు.